మొదటి గ్లాసు నీళ్లు

ఆ ఏడు వేసవిలో మా ఇంట్లో ముగ్గురం ఉండేవాళ్లం. ముగ్గురమూ ఎప్పుడు చూసినా అలిసిపోయే ఉండేవాళ్లం. మా ఆయన సామ్యేలు రైల్వే ఆఫీసులో గుమాస్తా. బస్సులు తిరిగిన రోజు బస్సులో, తిరగని రోజు కాలినడకన సికింద్రాబాదు వెళ్లి వచ్చి, చొక్కా విప్పకుండానే మంచం మీద వాలిపోయేవారు. మా మామగారు యాకోబుగారు పశ్చిమ గోదావరిలో శానిటరీ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరై మా దగ్గరికి వచ్చేశారు. ఆయనది పని లేని అలుపు. నేను యూనివర్సిటీలో బోటనీ రీసెర్చి స్కాలర్ని, పైగా కడుపుతో ఉన్నాను. నా అలుపుకి వేరే కారణం చెప్పనక్కర్లేదు.

అరవై తొమ్మిది అది. ప్రత్యేక తెలంగాణ కావాలని విద్యార్థులు లేచారు. క్లాసులు ఆగాయి, పరీక్షలు ఆగాయి, ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద ఎప్పుడు చూసినా మీటింగే. కోస్తా నుంచి వచ్చి తార్నాకలో అద్దెకుంటున్న మాలాంటివాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకోవడం అలవాటు చేసుకున్నారు. పక్కింటివాళ్లు ఒకరోజు చెప్పాపెట్టకుండా సామాను సర్దుకుని రైలెక్కేశారు. వాళ్ల తులసికోటకి రెండు రోజులు నేనే నీళ్లు పోశాను, ఆ తర్వాత ఓపిక లేక మానేశాను.

మా గైడు వెంకటసుబ్బారావుగారు నన్ను ల్యాబుకి పిలిపించింది ఆ రోజుల్లోనే.

"తాళం వేసేస్తున్నారమ్మా. మళ్లీ ఎప్పుడు తీస్తారో నాకు తెలీదు. నీ ట్యూబులు నువ్వు పట్టుకుపో," అన్నారు.

"ఇంటికా సార్?"

"కరెంటు తీసేశాక ఇక్కడుంటే ఏమిటి, మీ ఇంట్లో ఉంటే ఏమిటి? నేను ఈ వానాకాలం వెళ్లగానే రిటైరవుతున్నాను. ఈలోగా ఒక్క పంట కుండీల్లో నిలబెట్టి చూపించు. థీసిస్ రాసుకో, సంతకం పెడతాను. లేదంటావా, ఇంకో గైడు, ఇంకో టాపిక్కు, మళ్లీ ఓనమాలు."

కోపంగా అనలేదు. ఆయన కూడా అలిసిపోయి ఉన్నారు.

నా పని కంది ఎండు తెగులు మీద. నేలలో ఉండే ఒక బూజు కంది వేరులో దూరి, నీళ్లు పైకెక్కే దారి మూసేస్తుంది. నిన్న నిగనిగలాడిన మొక్క ఇవాళ తల వాల్చేస్తుంది. నీళ్లు పోసినా లాభం లేదు, మందు కొట్టినా లాభం లేదు. అయితే కింది వాటాలో ఉండే మా ఇంటి ఓనరు లక్ష్మీనర్సయ్యగారి తమ్ముడికి ఉప్పల్ అవతల ఒక చెలక, అంటే మెట్ట చేను, ఉంది. అందులో కంది మీద కంది ఎన్నేళ్లు వేసినా ఈ తెగులు రాదని లక్ష్మీనర్సయ్యగారు మాటల్లో అన్నారు. ఆ మట్టి తెచ్చి, ఆ కంది వేళ్లు కడిగి, ఆ కడిగిన నీళ్లలోంచి ఒక సూక్ష్మజీవిని ఏరి పట్టాను. గాజుపళ్లెంలో దాన్ని గీతలా పెట్టి పక్కన బూజు వేస్తే, బూజు పళ్లెమంతా పాకి గీత దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయేది. ఆ కాస్త ఖాళీజాగా కోసమే మూడేళ్లు ఆ ల్యాబు మెట్లెక్కి దిగాను.

ట్యూబుల్ని టిఫిన్ క్యారియర్ గిన్నెల్లో దూది పరిచి సర్దుకున్నాను. గేటు దగ్గర పోలీసు ఆపి, "ఏముందమ్మా?" అన్నాడు. "భోజనం," అన్నాను. ఒక రకంగా అబద్ధమూ కాదు. అందులో ఉన్నవాటికి అది భోజనమే.

ఇంటికి వచ్చి గిన్నెలు విప్పుతుంటే మామయ్యగారు కుర్చీలోంచి లేచి వచ్చారు.

"ఏంటమ్మా అవి?"

"క్రిములు మామయ్యగారూ."

ఆయన ఒక అడుగు వెనక్కి వేశారు. జీవితమంతా క్రిముల్ని చంపి పెన్షను తెచ్చుకున్న మనిషి. తిరునాళ్లు వస్తే చాలు, బ్లీచింగ్ పౌడరు డబ్బాలు బండి మీద వేసుకుని ఊరూరా బావుల్లో కలుపుకుంటూ పోయేవారట. మందు కలిపిన నీళ్లు జనం ముట్టేవాళ్లు కాదు, విషం కలిపారని గోల. అందుకని ప్రతి ఊళ్లోనూ మొదటి గ్లాసు ఈయనే తోడుకుని అందరి ముందూ తాగి చూపించేవారు. ఆ తర్వాతే చేద బావిలోకి దిగేది. ఈ ముచ్చట నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆయన నోట వింటూనే ఉన్నాను.

"ఇవి మంచివి మామయ్యగారూ. మొక్కని కాపాడతాయి."

"క్రిముల్లో మంచివేంటమ్మా?"

"మీరు రోజూ తాగే మజ్జిగలో ఉన్నవి?"

"అది వేరు," అన్నారు. ఎందుకు వేరో చెప్పలేదు. నా పొట్టకేసి ఒకసారి చూసి, మళ్లీ వెళ్లి కుర్చీలో కూర్చున్నారు. వద్దని మాత్రం అనలేదు. కోడలు చదువుకున్న పిల్లని చర్చిలో అందరితో చెప్పుకునే మనిషి, వద్దని ఎలా అంటారు?

ఆ నెలంతా నా వంటిల్లే ల్యాబు. బంగాళాదుంపలు ఉడికించిన నీళ్లలో పంచదార వేసి, హార్లిక్స్ సీసాల్లో పోసి, మూతికి దూది బిరడా పెట్టి కుక్కర్లో ఉడికించేదాన్ని. ఈస్టరుకి హల్వాలా చేద్దామని కొన్న చైనా గడ్డి కాస్తా, ఆ నీళ్లని జెల్లీలా గడ్డకట్టించడానికి ట్యూబుల పాలైంది. "మనింట్లో దుంపలు తినేది నీ క్రిములు, నీళ్లు తాగేది మేము," అనేవారు మా ఆయన. ఆయన వేళాకోళం చేశారంటే ఆ రోజు బస్సు దొరికిందని అర్థం.

మేముండేది పై వాటా, ఆ పైన డాబా. డాబా మీద కుండీలు రెండు వరసలుగా పెట్టాను. అన్నింటి మట్టిలోనూ బూజు కలిపాను. కంది మొలకలు రాగానే ఒక వరసకి మాత్రం నా సూక్ష్మజీవిని పోయాలి. ల్యాబులో అయితే దాన్ని డిస్టిల్డ్ వాటర్లో కలుపుతాం. ఇంట్లో ఎక్కడిది? సాయంత్రం నీళ్లు బాగా మరగకాచి, కూజాలో పోసి, డాబా మీద ట్యాంకు నీడన పెట్టేదాన్ని. పొద్దున్నే చల్లారిన ఆ నీళ్లలో సీసాలో పెంచిన సూక్ష్మజీవుల కల్చరు కలిపి ఒక్కొక్క మొక్క మొదట్లో పోసేదాన్ని. ఆ కూజా ఎవరూ ముట్టుకోవద్దని ఇంట్లో గట్టిగా చెప్పాను.

ఆ రోజుల్లో నాకు ఏ వాసనా పడేది కాదు. పోపు వాసన వస్తే వాంతి, మల్లెపూల వాసన వస్తే వాంతి. కొంగు ముక్కుకి అడ్డం చుట్టుకునే పనంతా చేసేదాన్ని. దానికి తోడు మామయ్యగారు వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో గచ్చు, గుమ్మం, తూము, నీళ్ల డ్రమ్ము అన్నీ బ్లీచింగ్ పౌడరు వాసనే. పుట్టినింటి వాసనలాగే అదీ అలవాటైపోయింది.

జూను మొదట్లో ఏమీ పొయ్యని వరస వాడడం మొదలైంది. ఆకులు పసుపెక్కాయి, తలలు వాలాయి. వాటిని చూసి సంతోషపడ్డాను. మొక్కలు చస్తుంటే సంతోషపడేవాళ్లు మా శాస్త్రంలోనే ఉంటారు. రెండో వరస పచ్చగా ఉంది. ఈ వరస ఇలా నిలబడితే చాలు, నా బిడ్డ పుట్టేలోపు రాసేయవచ్చు అనుకున్నాను.

ఆ వారంలోనే ఊళ్లో కాల్పులు, కర్ఫ్యూ. లక్ష్మీనర్సయ్యగారి కొడుకుని ఊరేగింపులో పోలీసులు పట్టుకుపోయారు. కర్ఫ్యూ సడలించిన పూట డాబా ఎక్కి చూస్తే, రెండో వరసలో కూడా మూడు మొక్కలు తల వేలాడేశాయి. మర్నాటికి ఇంకొన్ని. ఒకదాన్ని పీకి కాండం చీల్చి చూశాను. లోపల నల్లటి చార. బూజు నిక్షేపంగా దూరింది. నా సూక్ష్మజీవి పోసినా ఒకటే, పొయ్యకపోయినా ఒకటే. అక్కడే ట్యాంకుకి ఆనుకుని కూర్చుని ఏడ్చాను. మూడేళ్లు నేను చూసింది గాజుపళ్లెంలో గారడీ అనిపించింది.

కిందికి దిగి మా ఆయనకి చెప్పాను.

"పోదాం విజయా. బెజవాడకి బదిలీ పెట్టుకుంటాను. ఆఫీసులో అందరూ పెట్టుకుంటున్నారు. నీ మొక్కలూ నిలబడలేదు, మనమూ ఇక్కడ నిలబడేట్టు లేము."

"సరే," అన్నాను. వాదించడానికి నాలో ఏమీ మిగల్లేదు.

మర్నాడు కుండీలు తిరగబోసేద్దామని డాబా ఎక్కాను. లక్ష్మీనర్సయ్యగారు ట్యాంకు నీడన గోడకి చేరగిలబడి ఉన్నారు. కొడుకుని చూడనిస్తారేమోనని పొద్దున్నే జైలుకి వెళ్లి, ఎండలో నిలబడి నిలబడి, చూడకుండానే తిరిగి వచ్చారు. ఇంట్లో భార్య అడిగే ప్రశ్నలకి జవాబు లేక పైకి వచ్చి కూర్చున్నారు.

"కలవనిచ్చారా?" అన్నాను.

"ఏడ కలవనిస్తరమ్మా. రేపు రా, మాపు రా అంటున్నరు." తువ్వాలతో మెడ తుడుచుకున్నారు. "మీరు పోతున్నరంట గద. సామ్యేలు చెప్పిండు."

"అవునండీ."

"గీ లొల్లి మీ మీద గాదమ్మా. నా కొడుకు జెండా పట్టిండు, నిజమే. రేపు ఆడు ఇంటికొచ్చి, పై వాటా ఖాళీ జూసి, అక్కోళ్లు ఎందుకు పోయిన్రు నాయినా అంటే నేనేం జెప్పాలె?"

ఆయన చెయ్యి చాచి కూజా అందుకుని, నేను వద్దనేలోపే ఎత్తి గొంతులో పోసుకున్నారు. వెంటనే పక్కకి తిరిగి ఉమ్మేశారు.

"థూ! ఏందమ్మా గీ నీళ్లు? దవాఖాన వాసనొస్తున్నయ్!"

"కాచిన నీళ్లండీ అవి. మొక్కల కోసం."

"కాచిన నీళ్లకు గీ కంపేంది? నోరంత చేదయింది."

ముక్కు మీది కొంగు తీసి కూజా మూతి దగ్గర వాసన చూశాను. కళ్లు మండేంత బ్లీచింగ్ వాసన. మొక్కల వంక ఒకసారి, కూజా వంక ఒకసారి చూశాను. నెల రోజులుగా నేను మొక్కలకి పోస్తున్నది పీనుగుల్ని. సీసాలోంచి ఆ కూజాలో పడ్డ క్షణంలోనే నా సూక్ష్మజీవులన్నీ చచ్చిపోయి ఉంటాయి.

కిందికి దిగాను. మామయ్యగారు వరండాలో పాత ధోవతి గుడ్డలో బ్లీచింగ్ పౌడరు మూటకడుతున్నారు.

"మామయ్యగారూ, డాబా మీద కూజాలో..."

"వేస్తున్నానమ్మా, రోజూ వేస్తున్నాను." ఆయన మొహం వెలిగింది. "దానికి కొంచెం ఎక్కువే వేస్తున్నాను. నువ్వు అందులో చేతులు పెడతావు కదా."

నాకు ఒళ్లు మండిపోయింది. అంతవరకూ ఆ మనిషి ముందు గొంతెత్తి ఎరగను. "నా క్రిములన్నీ చచ్చిపోయాయి మామయ్యగారూ! మూడేళ్ల నుంచి పెంచుకుంటున్నవి! ఆ మొక్కలు వాడిపోయింది అందుకే! ముట్టుకోవద్దని చెప్పానా లేదా?" అని అరిచాను. అరిచి, అక్కడే గుమ్మంలో కూలబడ్డాను.

ఆయన చేతిలో మూట అలాగే ఉండిపోయింది. మెల్లగా అన్నారు.

"సామ్యేలుకి ముందు మాకో ఆడపిల్ల ఉండేదమ్మా. రూతు. నీకు ఎవరూ చెప్పి ఉండరు. తిరునాళ్ల కలరా డ్యూటీలో ఉన్నాను. చుట్టుపక్కల బావులన్నింటిలోనూ మందు వేశాను. మా ఊరి బావి మర్నాటికి పెట్టుకున్నాను."

లేచి, మూట తీసుకెళ్లి తన పెట్టెలో పెట్టేశారు.

సాయంత్రం మా ఆయన వచ్చి సంగతి విని, "నాన్నా, మీకు చెప్పిన మాట చెవికెక్కదా?" అని కేకలేశారు. నేనే చెయ్యి పట్టి ఆపాను. రోజూ కుటుంబ ప్రార్థన మామయ్యగారే చేసేవారు. ఊళ్లో చుట్టాల దగ్గర్నుంచి రైలింజను డ్రైవర్ల దాకా పేరుపేరునా దేవుడికి అప్పగించి గానీ ఆమెన్ అనేవారు కాదు. ఆ పూట కళ్లు మూసుకుని కూర్చున్నారు గానీ నోరు తెరవలేదు. అన్నం కూడా సగంలో లేచిపోయారు. నాకు కోపం పోలేదు. జాలీ పోలేదు. రెండూ పక్కపక్కనే కూర్చున్నాయి.

మర్నాడు బీరువాలోంచి ఒక గాజుపళ్లెం తీసి ఆయన చేతికిచ్చాను. "మీరు చంపింది దేన్నో చూడండి మామయ్యగారూ," అన్నాను. ఎత్తిపొడుపుగా అందామనుకున్నాను గానీ, గొంతు అలా రాలేదు.

ఆయన కళ్లద్దాలు పంచె చెంగుతో తుడుచుకుని, పళ్లెం కిటికీ వెలుగులోకి ఎత్తి పట్టుకున్నారు. ఒక పక్క దూదిలా బూజు. ఇంకో పక్క నా గీత. మధ్యన ఖాళీ.

"ఈ తెల్లది జబ్బు. ఇటు పాకుతూ వచ్చింది. ఈ గీత నాది," అని వేలితో చూపించాను.

"ఇక్కడే ఆగిపోయిందే!"

"అదే మరి."

"దీన్ని దాటి రాలేదా?"

"రాలేదు."

పళ్లెం అటు తిప్పి ఇటు తిప్పి చూశారు. "మా తిరునాళ్లలో ఇలాగే గేటు కట్టి ఆపేవాళ్లం. కలరా టీకా పొడిపించుకోనివాణ్ని లోపలికి అడుగు పెట్టనిచ్చేవాళ్లం కాదు." ఆయనే మళ్లీ అడిగారు. "ఇంతకీ నీ క్రిమి గేటు కాస్తోందా అమ్మా, మొక్కకి టీకా వేస్తోందా?"

నాకు నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చింది. నాకూ అదే అనుమానం. వేరుకి ఒక పక్క సూక్ష్మజీవిని, ఇంకో పక్క దూరంగా బూజుని పెట్టినా కొన్ని మొక్కలు తట్టుకునేవి. మొక్క తనంతట తనే గట్టిపడుతోందేమోనని సారుకి చెబితే, "అనుమానాలకి డిగ్రీలివ్వరమ్మా," అని కొట్టిపారేశారు.

"తెలీదు మామయ్యగారూ. అది తేలాలంటే ముందు మొక్కలు బతకాలి."

ఆయన పళ్లెం నా చేతిలో పెట్టి, "మళ్లీ విత్తుదాం," అన్నారు.

తొలకరి పడ్డాక మళ్లీ విత్తాం. ట్యూబుల్లో దాచిన నా అసలు సూక్ష్మజీవులు బతికే ఉన్నాయి. లక్ష్మీనర్సయ్యగారు తమ్ముడి చేత కొత్త విత్తనాలు పంపించారు. నాకు డాబా మెట్లెక్కడం కష్టంగా ఉంది. నీళ్లు కాచడం, చల్లార్చడం, కూజా పైకి మోయడం అన్నీ మామయ్యగారే నెత్తినేసుకున్నారు. సరేనన్నాను గానీ లోపల గుబులే. ఒకసారి కాలినవాళ్లం కదా.

మొలకలకి మొదటిసారి కల్చరు పొయ్యాల్సిన పొద్దున, సీసా పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి పైకి వెళ్లాను. మా ఆయన కూడా ఆఫీసు చొక్కా తొడుక్కుని వచ్చి నిలబడ్డారు. మామయ్యగారు ఉతికిన పంచె కట్టుకుని, కూజా పక్కన, చేతిలో స్టీలు గ్లాసుతో సిద్ధంగా ఉన్నారు. నేను సీసా బిరడా తీయబోతుంటే, "ఆగమ్మా," అన్నారు.

కూజా వంచి గ్లాసు నిండా నీళ్లు పోసుకున్నారు. మా ఇద్దరి వంకా చూసి, ఎత్తి తాగారు. ఒక్కో గుక్కా నోట్లో తిప్పుకుని, కళ్లు మూసుకుని, ఆఖరి చుక్కదాకా తాగారు. గ్లాసు బోర్లించి చూపించారు.

"లేదమ్మా. ఏమీ కలవలేదు. ఇప్పుడు పొయ్యి."

మా ఆయన మొహం తిప్పుకున్నారు. నేను సీసా వంచాను. ఆ తర్వాత ఎన్నిసార్లు పోసినా, ముందు ఆ గ్లాసు ఆయన తాగాల్సిందే. వద్దన్నా వినేవారు కాదు.

ఆగస్టు నెలాఖరుకి పొయ్యని వరసంతా పడిపోయింది. పోసిన వరసలో ఒకటో రెండో తప్ప అన్నీ నిలబడ్డాయి. కాలేజీలు ఇంకా సరిగ్గా నడవడం లేదు. సారే రిక్షా కట్టించుకుని వచ్చి, ఆయాసపడుతూ డాబా ఎక్కారు. నిలబడ్డ మొక్కనొకదాన్ని పీకి, జేబులోని కత్తితో కాండం చీల్చి చూశారు. లోపల పచ్చగా, తడిగా ఉంది. ఇంకోటి పీకారు. ఇంకోటి పీకబోతుంటే మామయ్యగారు అడ్డం వెళ్లి, "ఇంక చాలండీ," అన్నారు.

సారు నా వంక చూసి "ఊఁ" అన్నారు. ఆయన నోట ఆ ఊఁ వినడానికి నాకు మూడేళ్లు పట్టింది. "రాసుకో. సంతకం పెడతాను," అని దిగి వెళ్లిపోయారు.

బదిలీ మాట మా ఆయన మళ్లీ ఎత్తలేదు. నేనూ అడగలేదు. లక్ష్మీనర్సయ్యగారి కొడుకు చిక్కి సగమై ఇంటికి వచ్చాడు. పై వాటాలో మేమున్నాం. సెప్టెంబరులో నాకు ఆడపిల్ల పుట్టింది.

పిల్లకి పాకడం వచ్చేసరికి ఆ కుండీలు కొన్ని ఇంకా డాబా మీదే ఉండేవి. ఒక సాయంత్రం నేను బట్టలు తీస్తుంటే, అది కుండీ దగ్గరికి పాకి గుప్పెడు మట్టి తీసి నోట్లో పెట్టేసుకుంది. మామయ్యగారు "అయ్యో, అయ్యో" అంటూ లేని పరుగు తెచ్చుకుని వెళ్లారు. పిల్ల నోటిదాకా చెయ్యి పోనిచ్చి, సగంలో ఆగి, నా వైపు తిరిగారు.

"విజయా! ఈ కుండీ మన క్రిములు పోసిందా, పొయ్యనిదా?"

"పోసిందే మామయ్యగారూ."

"అయితే ఫర్వాలేదు," అన్నారు. అని, పిల్లని ఒళ్లోకి తీసుకుని మూతి తుడిచి, చేతులు మాత్రం కడిగేశారు, మామూలు నీళ్లతోనే.